కెమెరా పెట్టకముందు

ఆ ఏడు జూలై ఒకటో తారీకున మా ఊరి హైస్కూల్లో మీటింగు పెట్టారు. దేశమంతటా పాత నేరచట్టాలు పోయి కొత్తవి అమల్లోకి వచ్చిన రోజు అది. పొద్దున్నించీ పట్టుకున్న వాన వదలడం లేదు. రేకుల కప్పు మీద ఆ చప్పుడుకి మైకులో మాటలు సగం వినపడుతున్నాయి, సగం కొట్టుకుపోతున్నాయి. అయినా హాలు నిండింది. పోలీసు ఔట్‌పోస్టు ఎస్సై, మా వైపు బాబు అంటారు, ఇంటింటికీ కానిస్టేబుల్ని పంపి మరీ పిలిపించాడు.

ఊరి పేరు చెప్పను. ఒడిశాలో కొరాపుట్ జిల్లా, లక్ష్మీపూర్‌కీ కకిరిగుమ్మకీ మధ్య, రోడ్డుకి అటూ ఇటూ దుకాణాలున్న ఊరు. చింతపండు, అల్లం, పసుపు టోకున కొని రాయగడ పంపించే వ్యాపారం మా మావగారిది. ఆయన పేరు బాపిరాజు. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఊళ్ళో ఏ మీటింగైనా స్టేజీ మీద ఆయనకో కుర్చీ ఉంటుంది. ఆ రోజు కూడా భుజాన శాలువాతో ఔట్‌పోస్టు బాబు పక్కనే కూర్చున్నారు.

బాబు ఒడియాలో మాట్లాడాడు. తర్వాత, "మా సేఠ్‌గారి కోడలు రాయగడలో డిగ్రీ చదివింది, తెలుగువాళ్ళకి ఆవిడ చెప్తుంది" అని నన్ను పిలిచాడు. నేను మైకు పట్టుకుని చెప్పాను. ఎవరినైనా అరెస్టు చేస్తే ఎందుకు చేశారో ఆ మనిషికి చెప్పాలి. ఇంట్లోవాళ్ళకి కబురు పంపాలి. ఇల్లు గాని బండి గాని సోదా చేస్తే మొదటి నుంచి చివరి దాకా వీడియో తియ్యాలి. ఆ వీడియో మేజిస్ట్రేటుకి చేరాలి. ఇకమీదట ఎవరూ లేనిపోనిది సృష్టించలేరు.

వెనక వరసలో గున్నమ్మ లేచి నిలబడింది. మా వ్యాను డ్రైవరు ఎర్రయ్య భార్య.

"కోడలమ్మా, ఆ కెమెరా ఎవుల సేతిల ఉంతాది?"

"పోలీసుల చేతిలోనే."

అందరూ నవ్వారు. ఏమందో బాబుకి ఒడియాలో చెబితే ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. "మౌసీకి చెప్పు, కెమెరాకి చుట్టాలు లేరు, పార్టీ లేదు" అన్నాడు. నేనలాగే చెప్పాను. నమ్మే చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఎర్రయ్య, "ఇంక నాకు బయిం నేదు కోడలమ్మా. మా ఆడది నన్ను తిట్టినప్పుడల్లా ఈడియో తియ్యమంతాను" అన్నాడు. వెనక కూర్చున్న గున్నమ్మ అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

ఎర్రయ్యది గుణుపురం దగ్గర పల్లె. పెళ్ళయి నేను కాపరానికి వచ్చేసరికే మా దగ్గర పనిలో ఉన్నాడు. అంతకు రెండేళ్ళ ముందు, ఏడో నెలలో నాకు నొప్పులు మొదలైతే, కొండదారిలో చెట్టు విరిగి అడ్డం పడితే, ఒంటరిగా దిగి దాన్ని పక్కకి లాగి నన్ను కొరాపుట్ ఆసుపత్రికి చేర్చింది అతనే. బిడ్డ దక్కలేదు. నేను దక్కాను.

మీటింగు జరిగి రెండు మూడు వారాలైంది. ఒక సాయంత్రం మా మరిది జగన్ గొడౌను తాళం తనే తీసుకున్నాడు. మామూలుగా వాడు సరుకు ముఖం చూడడు. ఎవరో ఇద్దరు కొత్తవాళ్ళు జీపులో మూటలు తెచ్చి దింపారు. "ఏటది జగన్?" అంటే "అల్లం వదినా, కొత్త పార్టీ" అన్నాడు. అల్లం అంత జాగ్రత్తగా ఎవరూ దింపరు. కానీ నాకెందుకులే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న పోలీసు జీపు వచ్చి పెరట్లో ఆగింది. మా వంటింటి కిటికీ గొడౌను వైపే ఉంటుంది. నేను కిటికీ దగ్గర ఉన్నాను. మా ఆయన శ్రావణ్‌కుమార్ అప్పుడే లేచి టీ గ్లాసుతో వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఇద్దరమూ చూస్తూనే ఉన్నాం. కానిస్టేబుళ్ళు గొడౌన్లోకి వెళ్ళి, పసుపు బస్తాల వెనక నుంచి మట్టిరంగు టేపు చుట్టిన మూటలు తెచ్చి గచ్చు మీద పెట్టారు. తడిగాలిలో గంజాయి వాసన గుప్పున లేచింది. మా వైపు ఆ వాసన తెలియనివాళ్ళు లేరు. జగన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మొహంలో రక్తం లేదు.

మావగారు పైపంచె భుజాన వేసుకుని బయటికి వచ్చారు. ఒక్కసారి మూటల వంకా, ఒక్కసారి జగన్ వంకా చూశారు. తర్వాత బాబు చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళారు.

"టీ పెట్టమ్మీ" అంది అత్తయ్య వెనకనుంచి. ఆవిడ పేరు బాలామణి.

టీ పట్టుకెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. గ్లాసులు పెట్టి తిరిగి వస్తుంటే బాబు మాట ఒక్కటి చెవిన పడింది. "మాల్ దొరికిందని పైకి ఫోను చేసేశాను సేఠ్. ఇప్పుడు ఎవరో ఒకరు ఉండాలి కదా."

నేను మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాను. మా ఆయన అక్కడే ఉన్నారు. వాన తుంపరగా మారింది. మావగారు ఫోను తీశారు. రోజూ మాట్లాడే గొంతే.

"ఎర్రయ్యా, తిన్నావేటి? తిన్నేదా. పరవానేదు, వచ్చి తిందువు గాని. రాయగడకి లోడుంది, బేగి రా."

కానిస్టేబుళ్ళు మూటలు ఎత్తి వ్యానులో పెట్టారు. మీద చింతపండు బస్తాలు పేర్చారు. జగన్‌ని వెనక గుమ్మంలోంచి లోపలికి పంపించి స్నానం చెయ్యమన్నారు. ఇదంతా చాలా నిదానంగా, పెళ్ళి సామాను సర్దుతున్నట్టు జరిగింది.

ఎర్రయ్య తలమీద గోనెసంచి కప్పుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. పోలీసుల్ని చూసి దండం పెట్టి ఒక పక్కకి నిలబడ్డాడు. మావగారు తాళం చేతికిచ్చారు. "ఎక్కు" అన్నారు. ఎర్రయ్య ఎక్కి ఇంజను ఆడించాడు.

అప్పుడు బాబు చెయ్యెత్తాడు. ఒక కానిస్టేబులు ఫోను పైకి పెట్టి వీడియో మొదలుపెట్టాడు. బాబు తేదీ, వేళ, చోటు గట్టిగా చదివాడు. సాక్షులుగా పక్క దుకాణాల వాళ్ళిద్దర్ని పిలిచి నిలబెట్టాడు. చట్టంలో ఎలా ఉందో, నేను మైకులో ఎలా చెప్పానో అచ్చం అలాగే జరిగింది. బస్తాలు తీశారు. మూటలు కనిపించాయి. ఎర్రయ్య వాటిని చూడలేదు. మావగారి వైపు చూశాడు.

"షావుకారూ?" అన్నాడు.

మావగారు ఫోను వైపు తిరిగి శుభ్రమైన ఒడియాలో చెప్పారు. "వీడు నా దగ్గర డ్రైవరు. బండిలో ఏం వేసుకు తిరుగుతున్నాడో నాకు తెలీదు."

నేను మా ఆయన వైపు చూశాను. "చూసేరు కదా?"

"చూసేను" అన్నారు. గ్లాసులో టీ అలాగే ఉంది.

ఎర్రయ్యని ఎందుకు పట్టుకున్నారో అతనికి చదివి వినిపించారు. గున్నమ్మకి ఫోను చేసి చెప్పారు. ఏ ఒక్కటీ తక్కువ చెయ్యలేదు.

మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. మావగారు అన్నం కలుపుతూ, ఎవరి మొహమూ చూడకుండా మాట్లాడారు.

"జగన్ సిన్నోడు. ఎవుడి మాటో నమ్మి ఎదవ పని సేసేడు. ఆడు లోపలికెల్తే పదేళ్ళు. ఆ తర్వాత ఆడికి బతుకేటుంది? ఎర్రయ్యకి నేనున్నాను. మంచి లాయర్ని పెడతాను. నాలుగు నెలల్లో బయిటికి తెత్తాను. ఆడి ఇల్లు నా ఇల్లు."

"ఎర్రయ్య లోపలికెళ్తే పదేళ్ళు కాదా మావయ్యా?"

ఆ ఇంట్లో భోజనాల దగ్గర నేను నోరు తెరవడం అదే మొదలు. అత్తయ్య "అమ్మీ, ఊరుకో" అంది మెల్లగా. అని, జగన్ కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. వాడు తిన్నాడు. తల వంచుకుని, ఆకలిగా తిన్నాడు. నేను లేచి చెయ్యి కడిగేసుకున్నాను.

రెండు రోజుల తర్వాత గున్నమ్మ దుకాణానికి వచ్చింది. కొరాపుట్ జైలుకి వెళ్ళి, మొగుణ్ణి చూసి, బస్సు దిగి నేరుగా వచ్చింది. మావగారి కాళ్ళ మీద పడింది.

"మీరే దిక్కు బాబూ. ఆడు గంజాయి మొకం ఎరగడు. మీకు తెల్దా?"

"నాకు తెల్దేటి? లే. లాయరుతో మాటాడేను. బియ్యం పట్టుకెల్లు" అన్నారు మావగారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నటన కాదది. ఆయన నిజంగానే ఏడ్చారు. అది చూశాక నాకు ఆయనంటే భయం వేసింది.

గున్నమ్మ నీళ్ళు తాగడానికి పెరటివైపు వచ్చింది. నేను చెంబు ఇచ్చి, పక్కకి పిలిచి, చూసిందంతా చెప్పాను. ఆవిడ చెంబు చేత్తో పట్టుకునే వింది.

"నువ్వు సూసేవా?"

"చూసేను. ఆయన కూడా చూసేరు."

గొడౌను తలుపు వైపు చూసింది. తర్వాత చెంబు గట్టు మీద పెట్టేసింది. నీళ్ళు ముట్టలేదు.

"మరి నాకు సెప్తే ఏటవుతాది కోడలమ్మా? నానేటి సేత్తాను? సెప్పాల్సినోలకి సెప్పు."

బియ్యం సంచి దుకాణం ముందే వదిలేసి వెళ్ళిపోయింది. అత్తయ్య దాన్ని లోపలికి లాక్కొచ్చింది.

ఆ సాయంత్రం మా ఆయనతో అన్నాను, "నేను కొరాపుట్ వెళ్ళి పెద్ద పోలీసులకి చెప్తాను. మీరు రాకపోయినా వెళ్తాను." ఆయన మంచం మీద కూర్చుని తల పట్టుకున్నారు. చెయ్యి చేసుకుంటారేమో అని కూడా అనుకున్నాను. కాసేపటికి తల ఎత్తి, "ఒక్కర్తివీ ఎలా వెళ్తావు? నేనూ వస్తాను" అన్నారు.

ఆసుపత్రికని ఇంట్లో చెప్పి బయల్దేరాం. జిల్లా పోలీసు ఆఫీసులో చాలాసేపు బెంచీ మీద కూర్చోబెట్టారు. చివరికి ఒక డీఎస్పీ మేడమ్ దగ్గరికి పంపించారు. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. నన్ను బయట కూర్చోమని ఆయన్ని విడిగా అడిగారు. ఆయన్ని బయటికి పంపి నన్ను మళ్ళీ అడిగారు. ఆ తర్వాత ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి అన్నారు.

"వీడియో చూశాను. అందులో తప్పు పట్టడానికేం లేదు. కెమెరా పెట్టకముందు ఏం జరిగిందో చెప్పడానికి మీరిద్దరే ఉన్నారు. మేజిస్ట్రేటు ముందు చెప్పగలరా? చెప్పాక వెనక్కి తీసుకోడం కష్టం."

"చెప్తాం మేడమ్." నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నారు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాం. సొరంగాలు దాటినప్పుడల్లా పెట్టె చీకటై మళ్ళీ వెలుగొస్తోంది. కొండల మీద మబ్బు దిగి ఉంది. ఆయన మొక్కజొన్న పొత్తు కొని సగం విరిచి నాకిచ్చారు. "నాన్నకి ఎదురు చెప్పి ఇంతవరకూ నేను ఒక్క పనీ చెయ్యలేదు దుర్గా. ఇది చేస్తాను" అన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని అంత దగ్గరి మనిషిగా నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ రైలు ప్రయాణమే అన్నిటికంటే ఎక్కువ బాధ పెడుతుంది.

డీఎస్పీ మేడమ్ మా ఊరు వచ్చి గొడౌను చూశారు. కానిస్టేబుళ్ళని ఒక్కొక్కర్నీ పిలిచారు. దాంతో ఇంట్లో తెలిసిపోయింది. మావగారు నాతో మాట్లాడడం మానేశారు. నేను వడ్డిస్తే అత్తయ్య చేత మళ్ళీ వడ్డించుకునేవారు. జగన్‌ని విశాఖపట్నం పంపించేశారు. "నా కడుపు మీద కొట్టేవు గదే అమ్మీ. నీకూ ఓ కొడుకుంటే తెల్సును" అంది అత్తయ్య ఒకరోజు బట్టలు ఆరేస్తూ. తాడు మీద తడిచీర మధ్యలో ఉంది కాబట్టి ఆవిడ మొహం నాకు కనబడలేదు.

మా ఆయన మాత్రం నా వైపే ఉన్నట్టు ఉండేవారు. దుకాణం మూశాక తండ్రీకొడుకులు లోపల మాట్లాడుకునేవారు. బయటికి వచ్చాక ఏమన్నారని అడిగితే, "ఏటంటారు? ఎప్పటిలాగే. నేను మాట ఇచ్చేను గదా" అనేవారు.

వినాయక చవితి వెళ్ళిన వారం మమ్మల్ని కొరాపుట్ కోర్టుకి రమ్మన్నారు. ఇద్దరం బస్సులో వెళ్ళాం. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మొదట ఆయన్ని పిలిచారు. లేచేటప్పుడు చొక్కా కాలరు సర్దుకుని, "భయపడకు" అన్నారు నాతో.

తొందరగానే బయటికి వచ్చారు. "నిన్ను పిలుస్తున్నారు" అన్నారు. చూపు మాత్రం వరండా చివర నీళ్ళ కుండ మీద ఉంది.

మేజిస్ట్రేటు చిన్నవాడు, నా వయసే ఉంటుంది. నాకు ఒడియా బాగా వచ్చని తెలుసుకుని ఒడియాలోనే మాట్లాడాడు.

"ఎవరి బలవంతమూ లేకుండా వచ్చారా?"

"నా అంతట నేనే వచ్చాను సార్."

ఆయన ఎదురుగా ఉన్న కాగితం ఒకసారి చూసుకుని, కళ్ళజోడు తీశాడు.

"మీరు నిద్రకి మందులు వాడుతున్నారా?"

బిడ్డ పోయాక కొన్నాళ్ళు నాకు నిద్రపట్టలేదు. మా ఆయన నన్ను విశాఖపట్నం తీసుకెళ్ళి ఒక డాక్టరుకి చూపించారు. బట్టలు కొనడానికని ఇంట్లో చెప్పారు. కొన్ని నెలలు మాత్రలు వేసుకున్నాను. పిచ్చి అని పేరు పడుతుందని ఆయనే వాటిని తన చొక్కాల కింద దాచి, రోజూ తనే తీసి ఇచ్చేవారు. మా అమ్మకి కూడా నేను చెప్పలేదు.

"వాడాను సార్. మానేసి ఏడాది దాటింది."

"ఆ రోజుల్లో గాని తర్వాత గాని లేనివి కనబడడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడడం..."

"లేదు సార్."

ఆయన రాసుకున్నాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. బల్ల చెక్క మీద నా వేళ్ళు కనబడుతున్నాయి, అవి నావేనా అన్నట్టు ఉన్నాయి.

"నీళ్ళు తాగుతారా?"

"వద్దు సార్. చెప్తాను."

చెప్పాను. జగన్ తాళం తీసుకున్న సాయంత్రం నుంచి, కానిస్టేబులు ఫోను పైకి ఎత్తినంతవరకూ. ఒక్క ముక్క వదల్లేదు.

"ఇదంతా చూసినప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"మా ఆయన ఉన్నారు సార్. టీ గ్లాసు పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు."

మేజిస్ట్రేటు కలం ఒక్క క్షణం ఆగింది. నా మొహం చూశాడు. తర్వాత తల దించుకుని, నేనన్నది అన్నట్టే రాశాడు.

బయటికి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. నా సంచి ఒక్కటే గోడకి ఆనించి ఉంది. "మీ ఆయన వెళ్ళిపోయాడమ్మా, బస్సుకి వేళైందట" అంది డీఎస్పీ మేడమ్‌తో వచ్చిన ఆడ కానిస్టేబులు. ఎక్కడికి వెళ్తారని మేడమ్ అడిగారు. రాయగడలో మా పిన్ని సూర్యకాంతమ్మ ఉంది. అక్కడికి వెళ్తానన్నాను.

పిన్ని తలుపు తీసి నన్నూ సంచినీ చూసింది. "తడిసిపోయేవు, ముందు తల తుడుచుకో" అంది.

ఆ తర్వాత జరిగినవి నాకు రాయగడలోనే తెలుస్తూ వచ్చాయి. మా ఆయన ఆ పొద్దున్న తను నిద్రలో ఉన్నానని చెప్పారట. నాకు మతి స్థిమితం లేదని, చూడనివి చూశానంటుంటానని చెప్పారట. ఆ మాటతో విచారణ అక్కడే ఆగిపోవలసింది. కానీ డీఎస్పీ మేడమ్ వదల్లేదు. ఆ పొద్దున్న ఎర్రయ్యకి మా మావగారి నుంచి ఫోను వెళ్ళిన సంగతి తీశారు. మూటలు మోసిన కానిస్టేబుళ్ళలో ఒకడు ముందు బుకాయించి, తర్వాత నిజం ఒప్పుకున్నాడు. ఎర్రయ్యకి బెయిలు వచ్చింది. ఔట్‌పోస్టు బాబుని వేరే చోటికి పంపించారు. కేసులోకి జగన్ పేరు ఎక్కింది. మనిషి మాత్రం దొరకలేదు. మావగారికి ఏమీ కాలేదు. దసరాకి మండపం ముందు వరసలో శాలువాతో కూర్చున్నారని ఎవరో చెప్పారు.

బయటికి వచ్చిన వారానికి ఎర్రయ్య, గున్నమ్మ పిన్ని ఇంటికి వచ్చారు. మనిషి సగమయ్యాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు, గుమ్మంలో చతికిలబడ్డాడు. బండి కోర్టులో ఉంది, ఇంకెవరూ బండి ఇవ్వడం లేదట. గున్నమ్మ కకిరిగుమ్మలో అల్లం కడిగే పనికి వెళ్తోంది.

"లోపల నన్నెవులూ కొట్టనేదు కోడలమ్మా" అన్నాడు ఎర్రయ్య. "అన్నం పెట్టేరు. ఆటికేటి. నాకు ఒకటే గుర్తుకొచ్చీది. తిన్నావేటి అని అడిగేడు షావుకారు. అడిగి మరీ పిలిచేడు. గంజి ముందర్నించి లేచి వచ్చేసేను."

గున్నమ్మ నా చేతిని రెండు చేతులతో పట్టుకుని కొంచెంసేపు కూర్చుంది. వెళ్ళేటప్పుడు మా పిన్ని ఇచ్చిన మంచినీళ్ళు తాగింది.

కార్తీకమాసంలో ఒక ఆదివారం మా ఆయన వచ్చారు. చలి మొదలైంది. స్వెట్టరు వేసుకుని, చేతిలో పళ్ళ సంచితో వచ్చారు. పిన్ని కుర్చీ వేసి లోపలికి వెళ్ళిపోయింది.

"ఇంటికి రా దుర్గా. అమ్మ నీ కోసం బెంగ పెట్టుకుంది. నాన్న కూడా ఏటీ అనరు."

ఆయన చాచిన పళ్ళ సంచి నేను అందుకోలేదు.

"నిన్ను కాపాడ్డానికే అలా చెప్పేను. లేకపోతే దొంగసాక్ష్యం అని నీ మీదే కేసు పెట్టుదురు. ఒంట్లో బాగాలేని మనిషి అంటే ఎవరూ ఏమీ చెయ్యరు. ఆలోచించు, నీకే తెలుస్తుంది."

"అలా చెప్పమని మావయ్యగారు చెప్పేరా?"

ఆయన పళ్ళ సంచి ముడి విప్పారు, మళ్ళీ వేశారు.

"నాన్న నన్ను నిద్రలో ఉన్నానని చెప్పమన్నారు. అంతే. ఆ మందుల సంగతి నాన్నకి తెలీదు. ఇప్పటికీ తెలీదు. నేను చెప్పలేదు."

నా రహస్యం తండ్రి దగ్గర కూడా కాపాడినందుకు నేను మెచ్చుకోవాలన్నట్టు చూశారు. ఆ చూపులో అబద్ధం లేదు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు. అంతవరకూ ఎక్కడో ఒక మూల, తండ్రి మెడ మీద కత్తిపెట్టి చెప్పించాడేమో అనే ఆశ నాకుండేది. అది ఆ కుర్చీ దగ్గరే పోయింది.

పిన్ని భోజనానికి పిలిచింది. నేనే వడ్డించాను. ఆకలి మీద ఉన్నట్టున్నారు, వంకాయ కూర రెండోసారి వేయించుకున్నారు. "నీ చేతి వంట తిని ఎన్నాళ్ళయిందో" అన్నారు. అది పిన్ని వంట. ఆ సంగతి చెప్పబుద్ధి కాలేదు.

చెయ్యి తుడుచుకుని గుమ్మం దగ్గర ఆగారు.

"మరి ఎప్పుడొస్తావు?"

"వచ్చే నెల వాయిదా ఉంది. ఆ పొద్దున్న రైలుకి కొరాపుట్ వస్తాను."

"నేను ఇంటికి ఎప్పుడొస్తావని అడుగుతున్నాను."

"నన్ను పిలిచినది కోర్టు. మిమ్మల్ని కూడా పిలుస్తారు. మీరేం చూసేరో అది మీ ఇష్టం."

ఆయన చెప్పులు వేసుకోడానికి చాలాసేపు పట్టింది. ఇంకేదైనా అంటానేమో అని ఆగారనుకుంటాను. నేను ఆయన తిన్న కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. కడిగి, బోర్లించి వచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.